జీతం లేని సలహాదారు

పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అన్న సామెత పుట్టించినవాడెవడోగాని, వాడు తప్పకుండా నిరుద్యోగి అయ్యుండాలి. ఇద్దరు కూతుళ్లున్న ఒక ఇంట్లో చిన్నమ్మాయి అలాగే అనుకునేది. ఆమెకు ఇరవయ్యారేళ్లు. వ్యాపారాలు ఎలా నడపాలో వ్యాపారులకు చెప్పే విద్యలో మొదటి శ్రేణి పట్టా ఉంది. ఇరవై మూడు ఇంటర్వ్యూలకు వెళ్లింది. ఇరవై మూడు చోట్లా బల్ల అవతలివాళ్లు పట్టా చూసి మెచ్చుకోలుగా తల ఊపి, "మరి అనుభవం?" అన్నారు. "ఉద్యోగం ఇస్తే వస్తుందండీ" అంటే, "వచ్చాక రండి, ఇస్తాం" అన్నారు.

ఇంట్లో అమ్మ అడగడం మానేసింది. అడిగే అమ్మతో ఎలాగైనా వేగవచ్చు, అడగని అమ్మతోనే కష్టం. అక్క ఆదివారాలు వచ్చినప్పుడు తన పాత బట్టలు సంచిలో తెచ్చి, "ఇంటర్వ్యూలకి పనికొస్తాయే" అని మంచం మీద పెట్టి పోయేది. బావ మాత్రం ఏమీ దాచుకునే మనిషి కాదు.

"ఏం మరదలా, ప్రపంచానికి సలహాలు చెప్పడానికి చదివావు గదా, నాకో సలహా చెప్పు. ఈ సోఫాలోంచి లేవకుండా మంచినీళ్లు తాగడం ఎలా?"

"నోరు మూసుకుంటే దాహం వెయ్యదు బావా."

"చూశారా అత్తయ్యా, ఉచిత సలహా!"

ఆ పేరు ఆ రోజు అతుక్కుంది. వారం తిరిగేసరికి వీధిలో సగంమంది దాన్నే వాడుతున్నారు. బావలు పెట్టిన పేర్లకు రిజిస్ట్రేషను అక్కర్లేదు.

అసలు ఆ పేరులోనే దారి ఉందని చెప్పింది ఆమె చదువుకున్న శిక్షణ సంస్థ. మూడు నెలల తర్వాత ఒక పెద్ద సలహా సంస్థ కొత్తవాళ్లను తీసుకోబోతోందట. ఖాతాదారు, అంటే పని చేయించుకున్న మనిషి, సంతకం చేసిన అనుభవపత్రం ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తుందట. కాబట్టి ఎక్కడైనా మూడు నెలలు జీతం లేకుండా సలహాదారుగా పనిచేసి ఆ పత్రం తెచ్చుకోమన్నారు. పత్రం ఎలా ఉండాలో వాళ్ల పాఠ్యపుస్తకం నలభయ్యో పేజీలో నమూనా కూడా ఉంది.

ఊరికే ఇస్తానంటే జనం ఎగబడతారనుకుంది పాపం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది సరుకులకే కాదు, సలహాలకూ వర్తిస్తుందని తెలియడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది. పళ్ల డాక్టరు మొత్తం విని, "ఉచితంగా అంటున్నావంటే ఇందులో ఏదో ఉంది" అని ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తలుపు తీసి చూశాడు. డ్రైవింగు స్కూలు యజమాని, "నాకు సలహాలు చెప్పడానికి పక్క సీట్లో మా ఆవిడ ఉందమ్మా" అన్నాడు. పూలకొట్టు ఆవిడ మాత్రం సరేనంది. సలహాలు తర్వాత చూద్దాం, ముందు ఆ బకెట్లలో నీళ్లు మార్చమంది. ఆమె మార్చింది కూడా. రెండు రోజులు మార్చాక, నలభయ్యో పేజీలో బకెట్ల ప్రసక్తి లేదని గుర్తొచ్చి మానేసింది.

పదో రోజున అమ్మ పంపితే దర్జీ కొట్టుకు వెళ్లింది, సలహా చెప్పడానికి కాదు, పోట్లాడటానికి. కిటికీ తెరలు కుట్టడానికిచ్చి ఆరు వారాలైంది. ఎప్పుడు అడిగినా మాస్టారు "రేపు" అనేవారు. దర్జీల పంచాంగంలో రేపు అన్నది ఒక రోజు కాదు, ఒక పలకరింపు.

పొడుగ్గా, ఇరుకుగా ఉండే కొట్టు అది. ముందు కోత బల్ల, దాని మీద సుద్దముక్కలు, మెడలో టేపుతో మాస్టారు. వెనక కిటికీ దగ్గర ఆయన భార్య కాజాలు కుడుతూ ఉంటుంది. మూడు గోడలకూ కప్పుదాకా గుడ్డమూటలు. ఒక్క మూట మీదా చీటీ లేదు. చిన్నమ్మాయి గడప ఎక్కుతుండగానే మాస్టారు ముఖం చూసి, ఎక్కడో అడుగున చెయ్యి పెట్టి, తెరల మూట లాగారు.

"అంచులు మిగిలాయమ్మా. రేపు..."

ఆమె కోపం అక్కడే ఆగిపోయింది. ఇలాంటి కొట్టు కోసమే పాఠ్యపుస్తకం రాశారు! చీటీ లేదు, జాబితా లేదు, తేదీ లేదు. రోగాలన్నీ ఒకేచోట ఉన్న రోగి దొరికిన కొత్త డాక్టరులా ఆమె ముఖం వెలిగిపోయింది.

"మాస్టారూ, మీ కొట్లో 'రేపు' అనే మాట లేకుండా చేస్తాను. మూడు నెలలు చాలు. జీతం వద్దు."

"జీతం వద్దా? ఇంట్లో చెప్పే వచ్చావా అమ్మా?"

"చివర్లో ఒక్క ఉత్తరం ఇస్తే చాలు."

"ఉత్తరాలు రాయడం నా వల్ల కాదు."

"నేనే రాసుకుంటాను. మీరు సంతకం పెట్టండి చాలు."

"అయితే ఇప్పుడే ఇవ్వు పెట్టేస్తాను. తర్వాతంటే మరిచిపోతాను."

సంచిలో నమూనా సిద్ధంగానే ఉంది. పేర్లు నింపి, మూడు నెలల తర్వాతి తేదీ వేసి ఇచ్చింది. ఈమె సలహాల వల్ల మా వ్యాపారం ముప్పై శాతం పెరిగిందని, ఖాతాదారులందరూ సంతోషంగా ఉన్నారని ఉంది అందులో. మాస్టారు చదవకుండానే సుద్ద అంటిన వేళ్లతో సంతకం చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తెలివైనదైతే ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్లి మూడు నెలలు నిద్రపోయేది. కానీ ఈమెకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది, రాసింది నిజం కావాలంటుంది. ఆ ముప్పై శాతాన్ని నిజం చెయ్యాలని మర్నాడే తొమ్మిదింటికి కొట్లో హాజరైంది.

మొదటి నెల ఆమె చూసింది, రాసుకుంది. రెండో నెల మూటలకు అంకెలు కుట్టించింది. అక్క ఇంట్లో మూలపడ్డ కంప్యూటరు తెచ్చి బల్ల చివర పెట్టింది. దాంట్లో కొలతలన్నీ ఎక్కించి, బట్టలు సిద్ధం కాగానే ఖాతాదారు ఫోనుకు సందేశం వెళ్లేలా ఏర్పాటు చేసింది. ఇక కొట్టుకొచ్చి "రేపు" అనిపించుకునే పని ఎవరికీ ఉండదు.

మాస్టారి దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంది. నలభై ఏళ్ల కొలతలు, పక్కన ఆయన భార్య రాసిపెట్టిన ఫోను నంబర్లు. పేరుండాల్సిన చోట మాత్రం రెండేసి పొడి అక్షరాలే ఉంటాయి. అవేమిటని చిన్నమ్మాయి అడగలేదు. ఖాతాదారు పనిలో సలహాదారు వేలు పెట్టకూడదు, చేతులు కట్టుకుని చూడాలి అని పన్నెండో పేజీలో ఉంది. అందుకని పుస్తకంలోది కంప్యూటరులోకి ఎక్కించే పని మాస్టారికే అప్పజెప్పి, తను కాస్త దూరంలో కూర్చుని నివేదిక రాసుకుంది.

మాస్టారు వారం రోజులు ఒక్క వేలితో కొట్టారు. రెండోరోజే అడిగారు.

"అమ్మాయ్, ఇది ఎర్రక్షరాలతో ఏదో అంటోంది. పేరు పూర్తిగా రాయాలట."

"పూర్తిగానే రాయండి మాస్టారూ. పొడి అక్షరాలు పనికిరావు" అంది ఆమె, నివేదిక మీంచి తల ఎత్తకుండా.

"పూర్తిగానా?"

"పూర్తిగానే. ఖాతాదారుకి మర్యాద ముఖ్యం."

మాస్టారు భార్యకేసి చూశారు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "చదువుకున్న పిల్ల చెబుతోందిగా, రాయండి" అంది.

మూడో నెల రెండో వారం, ఉదయం పదింటికి, అప్పటికే కుట్టి పడి ఉన్న మూటలన్నిటికీ కలిపి మూడువందల పన్నెండు సందేశాలు ఒక్కసారిగా వెళ్లాయి. సరిగ్గా పదీ ఇరవైకి మొదటి ఖాతాదారు వచ్చాడు. తలుపులో పక్కకు తిరిగి దూరవలసినంత మనిషి. ఫోను ముందుకు చాపాడు.

"మాస్టారూ, ఇది నాకే పంపారా?"

చిన్నమ్మాయి ఉత్సాహంగా ఫోను అందుకుని చదివింది. 'గౌరవనీయులైన బానపొట్ట గారికి, మీ బట్టలు సిద్ధంగా ఉన్నాయి. మీ తృప్తే మా కొలత.'

ఆ చివరి వాక్యం ఆమె స్వయంగా రాసింది. దానికి మూడు రోజులు పట్టింది.

దర్జీలలో ఒక పద్ధతుంది. కనీసం ఈ మాస్టారి గురువుగారి కొట్లో ఉండేది. పేరు రాసుకోరు, మనిషిలో ఏది సరిచేయాలో అది పొడి అక్షరాల్లో రాసుకుంటారు. పేరు వింటే చొక్కా గుర్తురాదు, భుజం చూస్తే గుర్తొస్తుంది. బానపొట్ట అంటే ముందుభాగం రెండు వేళ్లు పొడుగు. కొంగమెడ అంటే కాలరు ఎత్తు. దిగుడు భుజం, గూని వీపు, దొడ్డికాళ్లు. అవి తిట్లు కావు, కోతకు గుర్తులు. కానీ ఆ సంగతి మూడువందల పన్నెండు మందికి విడివిడిగా చెప్పడం ఎలా?

మధ్యాహ్నానికి కొట్టు నిండిపోయింది. దొడ్డికాళ్లు గారు తన ఫోను తన అత్తగారు చదివిందన్నారు. ఇద్దరు అన్నదమ్ముల్లో పెద్దాయన, తనకు ఏం రాశారన్నది వదిలేసి, తమ్ముడికి ఏం రాశారో చెప్పమని పట్టుబట్టాడు. వెడల్పు ఛాతీ గారు మాత్రం నవ్వుతూ వచ్చి, రెండు చొక్కాలు కొత్తగా కొలతలిచ్చి, సందేశం చెరిగిపోకుండా దాచుకోవడం ఎలాగో కనుక్కుని మరీ వెళ్లారు. బానపొట్ట గారు అన్నీ విని, "తగ్గానండీ, అది పాత కొలత" అన్నారు చిన్నబోయిన గొంతుతో. సాయంత్రానికి లెక్క తేలింది. పదకొండు మంది మూటలు తీసుకుని, ఇక ఈ గడప తొక్కబోమని చెప్పి పోయారు.

మాస్టారు ఆమెను తిట్టకుండా, మిగిలిన మూటలు తిరిగి సర్దుకున్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆమె ఇల్లు కదల్లేదు. అవమానం ఒకవైపు, లోభం ఒకవైపు. సంతకం పెట్టిన పత్రం సంచిలోనే ఉంది. తేదీ కూడా దాదాపు వచ్చేసింది. ఆ కొట్టు మొహం ఇక చూడకపోయినా ఆ పెద్ద సంస్థ వాళ్లకు తెలిసే దారి లేదు. ఎవరూ నిన్ను ఏమీ అనరు అని మనసు నచ్చజెప్పింది. మనసు చెప్పేవన్నీ ఉచిత సలహాలే.

రెండోరోజు వెళ్లింది. మాస్టారు ఒక కాలరు విప్పుతున్నారు.

"వచ్చావా? కూర్చో."

"నా వల్లే మాస్టారూ. ఆ పొడి అక్షరాలేమిటని ఒక్కసారి కూడా అడగలేదు నేను."

"రాసింది నేను గదా. రాస్తున్నప్పుడు నాకూ అనుమానమొచ్చింది. కానీ నువ్వు అంత గట్టిగా చెబితే కాదనడానికి మొహమాటపడ్డాను." ఆయన దారం లాగారు. "కుట్టు తప్పితే గుడ్డని తిడితే లాభం లేదమ్మా. విప్పాలి. కుట్టినదానికన్నా విప్పడానికే ఎక్కువసేపు పడుతుంది."

ఆ పదకొండు మంది చిరునామాలు రాసుకుని బయల్దేరింది. చేతులు కట్టుకోమన్న పన్నెండో పేజీని ఇంట్లోనే వదిలేసింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట, "ఆ తప్పు నాదండి, మాస్టారిది కాదు." కొందరు తిట్టారు, కొందరు తలుపు వేశారు, వేసినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లింది. కొంగమెడ గారి ఇంటికైతే నాలుగుసార్లు. నాలుగోసారి ఆవిడే, "లోపలికి రా తల్లీ, నీ కాళ్లు చూసి నాకే నొప్పులొస్తున్నాయి" అంది.

ఆమెకు చివరిదాకా గుర్తుండిపోయింది దిగుడు భుజం గారు. రిటైరైన పెద్దాయన, మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారు. కోపంగా లేరు. అద్దం ముందు చొక్కా విప్పి నిలబడి ఉన్నారు.

"నా కుడి భుజం దిగి ఉంటుందామ్మా?"

ఆమె అద్దంలో ఆయన భుజాలకేసి చూసింది.

"ముప్పై ఏళ్లు ఆఫీసుకెళ్లాను. పదిమంది ముందు నిలబడి మాట్లాడాను. ఎవ్వరూ అనలేదు. నాకూ తెలీదు." ఆయన అలమరలోంచి పాత కోటు తీసి, భుజం లోపల వేళ్లు పెట్టి తడిమారు. ఒకవైపు కంటే రెండోవైపు మెత్త మందంగా ఉంది. "ఇన్నాళ్లూ మీ మాస్టారు దాచుకొచ్చారన్నమాట. నాకు కూడా చెప్పకుండా."

ఆ మెట్లు దిగుతుంటే చిన్నమ్మాయికి ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకు బాగానే తెలుసు. నలభై ఏళ్లుగా ఒక మనిషి ఊరందరి లోపాలూ ఒక పుస్తకంలో మూసిపెట్టి, వాటి మీద నీటుగా గుడ్డ కప్పుతూ వచ్చాడు. తను వచ్చి మూడు నెలల్లో విప్పి చూపించింది, అదీ గౌరవనీయులైన అని మొదలుపెట్టి.

పదకొండు మందిలో తొమ్మిదిమంది తిరిగొచ్చారు. దిగుడు భుజం గారు అందరికన్నా ముందు వచ్చారు. కంప్యూటరులోంచి పేర్లన్నీ తీసేసి మూట అంకె మాత్రం ఉంచింది. ఇప్పుడు 'మూట నూటపద్నాలుగు సిద్ధం' అని వెళుతుంది. మూటకు ఎవరూ నొచ్చుకోరు. 'రేపు' అన్న మాట నిజంగానే సగానికి తగ్గింది. మిగతా సగం మాస్టారికి అలవాటు, దాన్ని ఆమె ముట్టుకోలేదు.

ఇంటర్వ్యూకి వేసుకోవాలని అక్క ఇచ్చిన పాత కోటు తెచ్చి, తనకు సరిచేయమంది చిన్నమ్మాయి. మాస్టారు కొలతలు తీసి పుస్తకంలో రాసుకున్నారు. పేరు చోట ఆయన పెన్సిలు 'ఉ.స.' అని పెట్టడం ఆమె చూసింది. బావ పెట్టిన పేరు కొట్టుదాకా వచ్చిందన్నమాట. పూర్తిగా రాయమని ఈసారి అడగలేదు.

"ఆరోజు నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముందమ్మా? ఒకసారి చదువు."

చదివింది. ముప్పై శాతం దగ్గర గొంతు తగ్గింది.

"అబద్ధానికి సంతకం పెట్టానన్నమాట. చించెయ్యమనను, అది నీది. కానీ నాదంటూ ఇంకొకటి ఉండాలి." కొలతల కాగితం ఒకటి చింపి, పెన్సిలుతో, మధ్యలో రెండుసార్లు భార్యను అక్షరాలు అడిగి, అరగంట రాశారు. మడిచి కోటు జేబులో పెట్టారు.

పెద్ద సంస్థలో బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో పెద్దాయన చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి ముందు సంచిలోకే వెళ్లిందని ఇక్కడ చెప్పాలి, లేకపోతే కథకు అన్యాయం. ముప్పై శాతం పత్రమే ఇచ్చింది. ఆయన మొదటి వాక్యం చూసి, పక్కనున్న కాగితాల దొంతర మీద పడేశాడు.

"ఉదయం నుంచీ పదమూడు మంది వచ్చారమ్మా. అందరి ఖాతాదారుల వ్యాపారమూ ముప్పై శాతమే పెరిగింది. ఇరవై తొమ్మిది ఎవరికీ రాదేం?"

"నలభయ్యో పేజీలో ముప్పై అనే ఉందండి" అంది ఆమె. ఇక దాచడానికేముంది? జేబులోంచి రెండోది తీసి ఇచ్చింది.

ఆయన పైకే చదివాడు.

'ఈ అమ్మాయి మూడు నెలలు మా కొట్లో జీతం లేకుండా చేసింది. ఈమె సలహా వల్ల పదకొండు మంది పోయారు. వాళ్ల ఇళ్లకు నడిచి తొమ్మిది మందిని ఈమే తీసుకొచ్చింది. మా గురువుగారు గుడ్డ పాడుచేసినవాడిని కొట్టేవారు కాదు, పాడైన గుడ్డతోనే చొక్కా కుట్టి చూపించమనేవారు. చూపించినవాడికే కత్తెర ఇచ్చేవారు. ఈ అమ్మాయికి కత్తెర ఇవ్వవచ్చు.'

ఎడమ పక్కనున్నావిడ ఏం సలహా అని అడిగింది. చెప్పింది. ముగ్గురూ కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. తర్వాత పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది. తీసుకుంటాం. మొదటి మూడు నెలలు జీతం ఉండదు. అనుభవం కోసమనుకోండి."

ఆమె తన చెవులను తనే నమ్మలేకపోయింది.

"అనుభవం కోసం చేసే పని నేను చేసేశానండి" అంది. "మీ చేతిలో ఉన్న కాగితం అదే. ఇక చేస్తే జీతానికే చేస్తాను."

"ఆలోచించుకోండి. బయట ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు."

"ఆలోచించానండి" అని నమస్కారం పెట్టి లేచింది. బయటికొచ్చాక లెక్కపెట్టుకుంది. ఇరవై నాలుగో ఇంటర్వ్యూ. మొదటిసారి వాళ్లు ఇస్తామన్నారు, మొదటిసారి ఆమె వద్దంది. ఇంటికెళితే అమ్మ అడగదు. ఆ అడగకపోవడం ఇవాళ భరించలేననిపించి కొట్టుకెళ్లింది.

జరిగింది విని మాస్టారు, "ఊఁ" అన్నారు. ఆయన భార్య మాత్రం సూది పక్కన పెట్టి, "మంచి పని చేశావు. ఈ కాజాలు నేను నలభై ఏళ్లుగా అనుభవం కోసమే కుడుతున్నాను" అంది. మాస్టారు టేపు సర్దుకున్నారు.

అంతలో ఆమె ఫోను మోగింది. సందేశం. చదివి, మళ్లీ చదివి, మాస్టారి చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని మెల్లగా చదివారు.

'గౌరవనీయులైన అభ్యర్థి పేరు ఇక్కడ రాయండి గారికి, మీరు అడిగినట్లు మొదటి నెల నుంచే జీతానికి అంగీకరిస్తున్నాం. సోమవారం చేరగలరు. ప్రతి ఖాతాదారునూ పేరుపేరునా గౌరవించడమే మా ప్రత్యేకత.'

మాస్టారు ఫోను తిప్పి వెనక వైపు కూడా చూశారు.

"వీళ్లేనా ఊరందరికీ సలహాలు చెప్పేది?"

"వీళ్లే మాస్టారూ."

"నేను నయం. కనీసం మనిషిని చూసి రాశాను."

చిన్నమ్మాయి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అమ్మకు చెప్పాలని ఫోను అందుకుంది. మాస్టారు ఆ పొడుగు పుస్తకం తెరిచి, ఆమె కొలతలున్న పేజీ వెతికి, పెన్సిలు తడిచేసుకుని, పేరు చోట ఉన్న రెండక్షరాల్లో మొదటిది కొట్టేశారు.